తీగె తగిలించని ఛార్జింగులో బ్యాటరీకి చేరు ప్రవాహమును అదుపు చేయుట

విద్యుత్తుతో నడచు వాహనములు మన పల్లెలలోనికి వచ్చి కొన్ని ఏండ్లయినది. కూరగాయలను రైతు బజారుకు చేర్చు ఆటోలు, పొలమునకు పోయివచ్చుటకు వాడు స్కూటర్లు, వీపున తగిలించుకొను బ్యాటరీ స్ప్రేయర్లు అనేక గ్రామములలో కనిపించుచున్నవి. ఇటీవల రైతు సదస్సులలో తరచుగా వినవచ్చుచున్న ప్రశ్న యొకటి కలదు. బండిని నేలమీద పరచిన ఒక పలకపై నిలిపిన చాలును, తీగె తగిలించకుండగనే బ్యాటరీ నిండునని వినుచున్నాము, ఇది నిజమేనా, నిజమైనచో బ్యాటరీకి మంచిదేనా అని రైతులు అడుగుచున్నారు.

నిజమే. ఇక బ్యాటరీకి మంచిదా కాదా అనునది ముఖ్యముగా ఒక విషయముపై ఆధారపడియున్నది. ఆ సాధనము బ్యాటరీలోనికి పోవు విద్యుత్ప్రవాహమును ఎంత నిక్కచ్చిగా అదుపులో ఉంచగలుగుచున్నది అనునదే ఆ విషయము. తీగెతో ఛార్జి చేయునపుడు ఈ అదుపు కొంత సులభము. తీగె లేనపుడు బండి నాలుగు అంగుళములు పక్కకు నిలచినను ప్రవాహము మారిపోవును. బండి ధరలో పెద్ద భాగము బ్యాటరీదే కాబట్టి ఈ అదుపు ఎట్లు జరుగునో తెలిసికొనుట రైతునకు అవసరము.

పైరుల యాజమాన్యము బోధించువారు విద్యుత్తును గూర్చి వ్రాయుటేమని కొందరికి తోచవచ్చును. కాని నీటిని కొలిచి పారించుటలోని సమస్యకును, విద్యుత్తును కొలిచి నింపుటలోని సమస్యకును పోలిక చాల కలదు. కాలువ తలతూము దగ్గర ఎంత నీరు వదలినారన్నది ఒకటి, చివరి మడికి ఎంత చేరినదన్నది మరియొకటి. పైరు ఎరిగినది రెండవదానినే. బ్యాటరీయు అంతే.

బ్యాటరీ కోరునది

మూడు మాటలు ముందుగా తెలిసికొనవలెను. వోల్టు అనగా విద్యుత్తునకు గల ఒత్తిడి. నీటికి ఎత్తు ఎట్టిదో దీనికి వోల్టు అట్టిది. ఆంపియరు అనగా ప్రవాహము, అనగా బోదెలో పారు నీటి పరిమాణము వంటిది. ఆంపియర్-గంట అనగా బ్యాటరీలో పట్టు మొత్తము. 100 ఆంపియర్-గంటల బ్యాటరీకి 25 ఆంపియర్ల ప్రవాహము ఇచ్చినచో సుమారు 4 గంటలలో నిండవలెను. చివరి దశలో ప్రవాహము తగ్గించవలసియుండుటచేత మరికొంత సేపు పట్టును.

లిథియము బ్యాటరీని నింపుట రెండు దశలలో జరుగును. మొదటి దశలో ప్రవాహమును ఒకే తీరున ఉంచవలెను. బ్యాటరీ నిండిన కొలదీ దాని వోల్టేజి పెరుగుచు పోవును. నిర్ణీతమైన హద్దు చేరిన తరువాత రెండవ దశ మొదలగును. అప్పుడు వోల్టేజిని ఆ హద్దు దాటనీయక నిలిపి, ప్రవాహమును క్రమముగా తగ్గించుచు రావలెను. బ్యాటరీ సామర్థ్యములో సుమారు ఇరువదవ వంతుకు ప్రవాహము తగ్గినపుడు ఛార్జింగు ఆపివేయుదురు. లిథియము ఐరన్ ఫాస్ఫేట్ రకములో ఒక్కొక్క గదికి ఈ హద్దు 3.65 వోల్టులు. నికెల్ కలిసిన రకములలో సాధారణముగా 4.2 వోల్టులు.

ప్రవాహము హెచ్చినచో ఏమగును? బ్యాటరీ లోపల పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమును అనుసరించి పెరుగును. 30 ఆంపియర్లు పోవలసిన చోట 37.5 ఆంపియర్లు పోయినచో ప్రవాహము పావు వంతు మాత్రమే పెరిగినట్లు కనిపించును గాని వేడిమి ఒకటిన్నర రెట్లకు పైగా అగును. అంతేకాక, లిథియము కణములు ఋణ ఫలకములోని పొరలలోనికి చొచ్చుకొని పోవుటకు కొంత వ్యవధి కావలెను. అవి ఇంకునంత కంటె వేగముగా వచ్చి పడినచో ఫలకముపై లోహముగా పేరుకొనును. ఇంకుడు తక్కువ గల నేలపై బోరు నీరు ఒక్కసారిగా వదలిన పైన నిలిచిపోవునట్లే ఇదియును. ఇట్లు పేరుకొనిన లోహములో చాల భాగము తిరిగి పనికిరాదు, బ్యాటరీ పట్టుబడి ఆ మేరకు తగ్గిపోవును. మితిమీరి పేరుకొని లోపలి పలుచని పొరను ఛేదించినచో అగ్ని ప్రమాదమునకు దారితీయవచ్చును. కాబట్టి ప్రవాహపు అదుపు అనునది సౌకర్యమునకు సంబంధించిన విషయము కాదు.

విద్యుత్తు ఖాళీని దాటు విధము

ఒక తీగెచుట్టలో మారుచుండు విద్యుత్తు పారినచో దాని చుట్టును మారుచుండు అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ఆ క్షేత్రములో మరియొక తీగెచుట్టను ఉంచినచో అందు విద్యుత్తు పుట్టును. దీనిని మైఖేల్ ఫారడే 1831లో కనుగొనెను. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు పనిచేయునది ఈ సూత్రము మీదనే. అందులో రెండు చుట్టలును ఒకే ఇనుప దిమ్మపై ఉండుటచేత క్షేత్రమంతయు ఒకదానినుండి రెండవదానికి పోవును. బండి ఛార్జింగులో ఒక చుట్ట నేల పలకలోను, రెండవది బండి అడుగున ఉండును. నడుమ జానెడు ఖాళీ. కావున మొదటి చుట్ట పుట్టించిన క్షేత్రములో కొద్ది భాగము మాత్రమే రెండవదానిని చేరును. మిగిలినది వృథాగా పోవుటలేదు, ముందుకును వెనుకకును ఊగుచు మొదటి చుట్టకే తిరిగి వచ్చుచుండును. కాని అట్లు ఊగుటకు తీగెలలో అదనపు ప్రవాహము కావలసివచ్చును.

ఈ ఊగు ప్రవాహమును సరిపుచ్చుటకు చుట్టలతో కెపాసిటర్లను జతచేయుదురు. మోటారు దగ్గర కెపాసిటరు బిగించుడని విద్యుత్ సంస్థవారు రైతులకు చెప్పుచుండునది ఇదే కారణము చేత. చుట్టకును కెపాసిటరుకును తగిన పొత్తు కుదిరినచో ఒక నియమిత వేగము వద్ద రెండును కలిసి ఊగును. దీనిని అనునాదము అందురు. ఊయలను సరియైన అదను చూచి తట్టినచో కొద్ది బలముతోనే పెద్దగా ఊగును గదా.

మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 మారులు ఊగును. ఈ వేగముతో జానెడు ఖాళీని దాటించవలెనన్న చుట్టలు మోయలేనంత పెద్దవి కావలెను. అందువలన ఇన్వర్టరు అను సాధనముచేత దానిని సెకనుకు సుమారు 85,000 మారులు ఊగునట్లు చేయుదురు. కార్ల నిమిత్తము 2020లో అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘము ప్రకటించిన ప్రమాణములో ఈ వేగము 79,000 మొదలు 90,000 వరకు ఉండవచ్చునని నిర్ణయించిరి. బండిలోని చుట్టకు చేరిన విద్యుత్తును తిరిగి ఒకే దిశలో పారు డీసీగా మార్చి బ్యాటరీకి పంపుదురు.

బండి పక్కకు జరిగిన ప్రవాహము పెరుగుట

ఇక్కడ చాలమందికి వింతగా తోచు విషయము కలదు. బండి పలకకు సరిగా ఎదురుగా గాక పక్కకు నిలిచినపుడు రెండు చుట్టల పొత్తు తగ్గును. పొత్తు తగ్గినచో బ్యాటరీకి చేరు ప్రవాహము కూడ తగ్గవలెనని ఎవరైనను అనుకొందురు. కాని రెండు చుట్టలకును ఒక్కొక్క కెపాసిటరును వరుసగా కలిపిన సాధారణ అమరికలో, ఇన్వర్టరు ఇచ్చు వోల్టేజి మారకుండ ఉన్నచో, పొత్తు తగ్గిన కొలదీ ప్రవాహము హెచ్చును. పొత్తు 5 పాళ్లకు 4 పాళ్లయినచో ప్రవాహము 4 పాళ్లకు 5 పాళ్లగును. 30 ఆంపియర్లు 37.5 ఆంపియర్లగుట ఇట్లే.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. బ్యాటరీ మోపిన బరువు బండిలోని చుట్ట ద్వారా, ఖాళీని దాటి, నేలలోని చుట్టపై నిరోధముగా పడుచుండును. గుంటక నేలలోనికి బాగుగా దిగినపుడు ఎడ్లు నెమ్మదిగా నడచును, గుంటక పైకి తేలినపుడు పరుగు తీయును. అట్లే పొత్తు బాగుగా ఉన్నపుడు నేలచుట్టకు తగిన నిరోధము తగిలి దానిలోని ప్రవాహము నెమ్మదించును. పొత్తు సడలినపుడు ఆ నిరోధము, పొత్తు తగ్గిన దానికంటె వేగముగా, దాని వర్గమును అనుసరించి పడిపోవును. దానితో నేలచుట్టలోని ప్రవాహము ఎగసి, పొత్తులోని లోటును పూడ్చుటయేగాక అవతలి చుట్టలో అంతకుముందున్న దానికంటె ఎక్కువ పుట్టించును. బండి అసలు లేనేలేకున్నను ఈ అమరికకు విద్యుత్తు ఇచ్చినచో తీగె యొక్క స్వల్ప నిరోధము తప్ప ఆపునది ఉండదు. అందుచేత బండి సరియైన చోట నిలిచినదని నిశ్చయించుకొనిన తరువాతనే పలకకు పూర్తి విద్యుత్తు ఇచ్చునట్లు ఏర్పాటు చేయవలసియున్నది.

పొత్తు మారుటకు బండి పక్కకు నిలుచుటయే కారణము కానక్కరలేదు. పది బస్తాలు వేసిన ఆటో స్ప్రింగులపై క్రుంగును, దింపినపుడు లేచును. టైర్లలో గాలి తగ్గినను ఖాళీ తగ్గును. ఛార్జి అగుచుండగానే సరకు దింపుట మన పల్లెలలో సహజము. కనుక ఒకసారి సరిచూచుకొని వదలివేయుటకు వీలులేదు. ఛార్జింగు జరుగునంత సేపును కొలుచుచు, దిద్దుచు ఉండవలెను.

ఇదే అమరికలో మరియొక గుణము కలదు. పొత్తు మారనంత వరకు, బ్యాటరీ వోల్టేజి ఎంత పెరిగినను ప్రవాహము దాదాపు ఒకే తీరున పారును. మొదటి దశకు ఇది మిక్కిలి అనుకూలము. రెండవ దశలో మాత్రము ఇదే చిక్కు. బ్యాటరీ నిండవచ్చినది గదా అని ప్రవాహము తనంత తాను తగ్గదు, ఎవరో ఒకరు తగ్గించవలెను. ఇంకను విషమమైన సందర్భము, బ్యాటరీలోని రక్షణ ఏర్పాటు ఏదో లోపమును గమనించి హఠాత్తుగా తలుపు మూసివేయుట. పారుచున్న ప్రవాహమునకు పోవు దారి లేక వోల్టేజి ఒక్కసారి ఎగయును. పవరు స్ప్రేయరు నడచుచుండగా గన్ను మూసినచో గొట్టములో ఒత్తిడి పెరుగుట, బైపాసు గుండ మందు తిరిగి డ్రమ్ములోనికి పోవుట రైతులు ఎరిగినదే. ఇక్కడ కూడ అట్టి బైపాసు అవసరము. బండిలోని చుట్ట రెండు కొనలను క్షణములో ఒకదానితో ఒకటి కలిపివేసి ప్రవాహమును దానిలోనే తిరుగునట్లు చేయుదురు. ఇంటి తీగెలను అట్లు కలిపిన ప్రమాదము గాని, ఈ అమరికలో ప్రవాహమునకు హద్దు ఉండుటచేత కలుపుటయే క్షేమము.

ప్రతి చుట్ట దగ్గర మరియొక చిన్న చుట్టను, మరియొక కెపాసిటరును అదనముగా చేర్చు అమరిక కూడ కలదు. దీనిలో నేలచుట్టయందలి ప్రవాహము, బండి ఉన్నను లేకున్నను, ఒకే మట్టములో నిలుచును. అందువలన పొత్తు 5 పాళ్లకు 4 పాళ్లయినచో బ్యాటరీకి చేరు ప్రవాహము కూడ 5 పాళ్లకు 4 పాళ్లే అగును, హెచ్చుట లేదు. బండి సరిగా నిలుపనందుకు కలుగు నష్టము ఛార్జింగు ఆలస్యమగుట మాత్రమే. భాగములు పెరిగి ఖర్చు కొంత హెచ్చును. అయినను ఎత్తుపల్లములుండు మన కళ్లములలో, చీకటిలో బండి నిలుపు వాడుకలో, తప్పు జరిగినపుడు తక్కువ వైపునకు పోవు అమరికయే మేలని నా అభిప్రాయము.

అదుపు చేయు చోట్లు

అమరిక యెట్టిదైనను దానిపై అదుపు ఉండవలెను. దీనికి మూడు చోట్లు కలవు.

మొదటిది తలతూము, అనగా నేలవైపు సాధనము. ఇన్వర్టరుకు పోవు వోల్టేజిని హెచ్చుతగ్గులు చేయవచ్చును. లేదా ఇన్వర్టరు ప్రతి ఊపులోను విద్యుత్తు ఇచ్చు వ్యవధిని కుదించవచ్చును. తూము షట్టరును పూర్తిగా ఎత్తక, కొంత సేపు ఎత్తి కొంత సేపు దించినట్లు. ఊపుల వేగమును కొద్దిగా మార్చి అనునాదము నుండి తప్పించుట మరియొక మార్గము. ఇది చౌక. కాని వేగమును 79,000కు తక్కువగాను 90,000కు ఎక్కువగాను పోనీయరాదు గనుక దిద్దుబాటుకు చోటు తక్కువ. చుట్టలు మరీ దగ్గరగా ఉన్నపుడు తగ్గించవలెనని వేగము మార్చిన ప్రవాహము పెరుగుటయు కలదు. దీనినొక్కదానినే నమ్ముకొనుట మంచిది కాదు.

రెండవ చోటు మడి గనిమ, అనగా బండిలోనే బ్యాటరీ ముందు. ఇక్కడ డీసీ మార్పిడి సాధనమును అమర్చి, చుట్టనుండి ఎంత వచ్చినను బ్యాటరీకి కావలసినంతే పోవునట్లు చేయుదురు. కొలత, దిద్దుబాటు ఒకే చోట జరుగును గనుక మిక్కిలి చురుకుగా పనిచేయును. బండికి బరువు, ధర పెరుగుట దీనిలోని లోపము.

మూడవది లష్కరు పని. బ్యాటరీ దగ్గర ప్రవాహమును కొలిచి, ఆ లెక్కను రేడియో ద్వారా నేలవైపు సాధనమునకు తెలుపుట. నేలవైపు అదుపు మాత్రమే ఉన్న యంత్రములలో ఈ వార్తయే ప్రాణము. వార్త చేరుటకు కొంత ఆలస్యము తప్పదు, ఒకొక్కప్పుడు అసలు చేరకపోవచ్చును. వార్త ఆగిన వెంటనే విద్యుత్తును కూడ ఆపివేయవలెను. పాత వార్తను నమ్మి పంపుచుండరాదు. మంచి యంత్రములలో నేలవైపు నుండి నెమ్మదియైన దిద్దుబాటును, బండిలో చురుకైన దిద్దుబాటును రెండును కలిపి వాడుదురు.

దిద్దుబాటు జరుగు తీరు కూడ తెలిసికొనదగినదే. కావలసిన ప్రవాహము 30 ఆంపియర్లు, కొలతలో 33 వచ్చినదనుకొనుడు. ఈ 3 ఆంపియర్ల తేడాను చూచి యంత్రము షట్టరును కొంత దించును. ఎంత దించవలెనన్నదే నేర్పు. తేడా చూడగానే ఎక్కువగా దించినచో 27కు పడిపోవును. దానిని చూచి ఎక్కువగా ఎత్తినచో తిరిగి 34కు పోవును. తలతూమునుండి చివరి భూములకు నీరు చేరుటకు ఒక పూట పట్టు కాలువలో లష్కరు గంటకొకసారి షట్టరు మార్చినచో చివరి రైతులకు ఒకనాడు వరద, ఒకనాడు ఎండ అగునట్లే ఇదియును. మరీ తక్కువగా దించినచో ఆ మూడు ఆంపియర్లు చాలసేపు బ్యాటరీపై పడుచుండును. అందువలన ప్రస్తుతపు తేడాకు తగినంత దిద్దుబాటును, చాలసేపు నిలచిన తేడాకు అదనముగా మరికొంత దిద్దుబాటును కలిపి వాడుదురు. మొదట విద్యుత్తు ఇచ్చునపుడు కూడ ఒక్కసారి 30కి ఎక్కించక, సున్నా నుండి క్రమముగా పెంచుదురు.

ఎంత ప్రవాహము కావలెనని నిర్ణయించునది ఛార్జరు కాదు. బ్యాటరీలోనే ఉండు యాజమాన్య సాధనము ప్రతి గది వోల్టేజిని, ఉష్ణోగ్రతను చూచుచు, ఇప్పుడు ఇంత వరకు ఇవ్వవచ్చునని చెప్పుచుండును. ఛార్జరు దానిని మీరరాదు.

ఇతర దేశములలోను, మన దేశములోను

న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయములో జాన్ బాయ్స్, గ్రాంట్ కోవిక్ అను ఆచార్యులు ఈ విద్యను చాల కాలము అభివృద్ధి పరచిరి. దక్షిణ కొరియాలో శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థవారు రోడ్డు క్రింద తీగెలు పరచి, పైన నడచుచున్న బస్సుకే విద్యుత్తు అందించు ఏర్పాటు చేసి 2013లో గుమి నగరములో 24 కిలోమీటర్ల మార్గముపై బస్సులను నడిపిరి. అందు ఖాళీ 17 సెంటీమీటర్లు. నడచుచున్న బస్సుకు పొత్తు క్షణక్షణము మారును గనుక ప్రవాహపు అదుపు నిలచియున్న బండికంటె ఎంతో కష్టము.

మన దేశములో తిరువనంతపురములోని సీడాక్ సంస్థ, నాగపూరులోని విశ్వేశ్వరయ్య జాతీయ సాంకేతిక సంస్థ కలసి రూపొందించిన ఛార్జరు పరిజ్ఞానమును 2025లో పరిశ్రమకు అప్పగించిరి. ఇది మన ఇంటి 230 వోల్టుల సింగిల్ ఫేజు విద్యుత్తుపై పనిచేసి, 48 వోల్టుల బ్యాటరీకి 1.5 కిలోవాట్ల చొప్పున, సుమారు 30 ఆంపియర్ల ప్రవాహముతో నింపును. చుట్టల నడుమ ఖాళీ 12.5 సెంటీమీటర్లు. సామర్థ్యము 89.4 శాతము వరకు ఉన్నదని ప్రకటించిరి. అనగా బ్యాటరీకి 1,500 వాట్లు చేరవలెనన్న మీటరునుండి సుమారు 1,680 వాట్లు తీసికొనును. మిగిలిన 180 వాట్లు వేడిమిగా పోవును. 230 వోల్టుల వద్ద ఇది 7 ఆంపియర్లకు పైబడును గనుక పంపు స్విచ్చులకు వాడు 16 ఆంపియర్ల సాకెట్టు కావలెను, దీపముల లైనుపై పెట్టరాదు.

ఈ సాధనము పల్లెలోని ప్రతి ఇంటికి కావలెనని చెప్పజాలను. రోజునకు ఒక పర్యాయము ఛార్జి చేయు బండికి మంచి తీగె ఛార్జరు చాలును, ఖర్చును తక్కువ. కాని బురదలోను వానలోను పనిచేయు యంత్రములకు, ఎరువుల పొడి, మందుల తుంపర తగిలి పిన్నులు తుప్పు పట్టు చోట్ల, మనిషి తోడు లేక తోటలలో తిరుగు యంత్రములు వచ్చినపుడు ఇది ఉపయోగపడును.

పలక అమర్చు చోట గమనించవలసినవి

పలకపై ఇనుప వస్తువు పడినచో అయస్కాంత క్షేత్రములో అది వేడెక్కును. కొడవలి, బోల్టు, ఎద్దు నాడా, మందు పొట్లపు వెండి కాగితము ఏదైనను కావచ్చును. పంపిన శక్తికిని చేరిన శక్తికిని లెక్క చూచి, తేడా మామూలు కంటె హెచ్చినచో నిలిపివేయు ఏర్పాటు మంచి యంత్రములలో ఉండును. అయినను ఛార్జింగుకు ముందు పలకను ఊడ్చుట అలవాటు చేసికొనవలెను. వెచ్చదనమునకు కోళ్లు, పిల్లులు అక్కడికి చేరుట కలదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొనినవారు ఛార్జి అగుచున్న బండి క్రిందికి వంగరాదు. వాన నీరు నిలువని చోట, నీడన అమర్చవలెను.

నిలుపవలసిన స్థానమును తెలుపుటకు నేలపై సిమెంటు గట్టు నొకటి కట్టించి, ముందు చక్రము దానికి ఆనునట్లు చేసికొనుట చౌకైన పని. పైన చెప్పిన అదుపు ఎంత మంచిదైనను, ప్రతి రోజును నాలుగు అంగుళముల తప్పును దిద్దుచుండుట కంటె తప్పు లేకుండ నిలుపుట తేలిక.

తీగె ఛార్జరు వాడువారికి

పలక కొనని రైతునకు కూడ పై విషయములలో చాల భాగము వర్తించును. ఆటోలలో సీసపు బ్యాటరీలు తీసివేసి లిథియము బ్యాటరీ వేయించుకొని, పాత ఛార్జరునే వాడుచున్నవారిని పలుచోట్ల చూచితిమి. రెండింటిపైనను 48 అనియే వ్రాసియుండును. అక్కడనే మోసము. 12 వోల్టుల సీసపు బ్యాటరీలు నాలుగింటిని నింపు ఛార్జరు సుమారు 57.6 వోల్టుల వరకు పోవును. 16 గదుల ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి హద్దు 58.4 వోల్టులు. కాని 15 గదుల బ్యాటరీని కూడ 48 వోల్టులనియే అమ్ముచున్నారు. దాని హద్దు 54.75 వోల్టులు మాత్రమే. పాత ఛార్జరు తగిలించినచో గదికి 3.84 వోల్టులు పడును. లోపలి రక్షణ సాధనము ప్రతి రోజును అడ్డుపడి కాపాడవలసివచ్చును. అది చెడిన నాడు కాపాడునది లేదు. బ్యాటరీ మార్పించునపుడు దానికి తగిన ఛార్జరును కూడ కలిపియే తీసికొనవలెను. ఎన్ని గదులు, పూర్తి వోల్టేజి ఎంత, గరిష్ఠ ఛార్జింగు ప్రవాహము ఎంత అను మూడు అంకెలను రసీదుపై వ్రాయించుకొనుట మంచిది.

స్ప్రేయరులోని 12 వోల్టుల సీసపు బ్యాటరీకి సామర్థ్యములో పదవ వంతు ప్రవాహము నిదానమైన మోతాదు. 8 ఆంపియర్-గంటల బ్యాటరీకి 0.8 ఆంపియరు. మూసిన రకములు ఇంతకంటె కొంత ఎక్కువ ఓర్చును, ఎంతవరకన్నది దాని ఒంటిపైననే ముద్రించియుందురు. ఆటో ఛార్జరుతో దీనిని త్వరగా నింపుదమని ప్రయత్నించిన ఉబ్బిపోవును. పంట కాలము ముగిసిన తరువాత ఖాళీగా వదలివేసినచో సీసపు ఫలకములపై తెల్లని సల్ఫేటు గట్టిపడి మరుసటి సంవత్సరమునకు పనికిరాదు. నింపి దాచి, నెల రెండు నెలలకొకసారి తిరిగి నింపుచుండవలెను.

లిథియము బ్యాటరీలలో పెక్కింటికి ఛార్జి చేయుటకు 45 డిగ్రీల సెంటీగ్రేడు పై హద్దు. రెంటచింతల వంటి చోట్ల వేసవి మధ్యాహ్నము గాలి వేడిమియే ఆ అంకెకు చేరును. పరుగెత్తి వచ్చిన బండిలో బ్యాటరీ అంతకంటె వేడిగా ఉండును. అట్టి దినములలో బండిని నీడన నిలిపి, ఒక గంట చల్లారిన తరువాత ఛార్జింగు మొదలుపెట్టవలెను. తెల్లవారుజామున పెట్టుట ఇంకను మేలు, ఆ సమయమున మీ లైనులో వోల్టేజి కూడ సాధారణముగా నిలకడగా ఉండును.